గుడాలకు కావలి

మీల్‌మేకర్‌ను వేడినీళ్లలో వేసినప్పుడు ఒక వాసన వస్తుంది, తడిసిన గోనెసంచీని మూలన పడేసి మరిచిపోతే వచ్చేలాంటిది. అది నాకు సుతరామూ పడదు. మహబూబాబాద్‌లో మా ఇంట్లో దాన్ని వండేది మా ఆయనే. నురుగు కారేలా రెండు చేతులా పిండుతూ, అందులో ఎంత బలముందో నాకు పాఠం చెబుతూ మరీ వండుతాడు. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గేటు దాకా వెళ్లి నిలబడతాను. సోయాతో నాకేం పగ లేదు. ఆ వాసన రాగానే మా నాయినమ్మ గుర్తుకొస్తుంది, ఆమె వెనకే పదేళ్ల వయసులో ఉన్న నేను గుర్తుకొస్తాను, ఆ పిల్లంటే నాకు రోత.

మాది లింగాల ఘనపూర్ దగ్గర ఒక పల్లె. నాయినమ్మ వయసులో ఉండగానే గురుబోధ తీసుకుని నీసు మానేసింది, గుడ్డు కూడా ముట్టదు, అందుకని ఆమె వంటింట్లో రాజ్యమంతా పప్పుగింజలదే. వానాకాలం ముసురు పట్టి బయట కాలు పెట్టలేని రోజుల్లో పొయ్యి మీద బొబ్బర్లు కుతకుత ఉడికేవి, బతుకమ్మ పండుగకు పెసలు వేయించి తిరగలిలో విసిరి బెల్లం కలిపిన సత్తుపిండి అరచేతిలో పోస్తే పొలమారేదాకా బుక్కేవాళ్లం, చలి మొదలవగానే కందిచేను గట్ల మీది అనపకాయలు గంపలకొద్దీ ఇంటికొచ్చేవి. అరుగు మీద పోసుకుని ఒలుస్తుంటే వేళ్లకంటిన ఆ పచ్చివాసన అన్నం తిన్నా పోయేది కాదు. కాయను నొక్కి గింజను ఎదుటివాళ్ల ముఖం మీదికి చిమ్మడం మా ఆట. ఒలిచిన గింజల్ని ఉప్పేసి ఉడికించి, ఉల్లిగడ్డ, ఎండుమిర్చితో తాలింపు పెడితే అవే గుడాలు. వేడివేడిగా గిన్నెలో వేసుకుని పొయ్యి దగ్గరే తినేవాళ్లం.

నాయినమ్మకు కిడ్నీలు పాడయ్యాయని తెలిసిన కొత్తలో జనగామలో ఒక డాక్టర్ పప్పులు తగ్గించమన్నాడు. తగ్గించమన్న మాట ఇంటికొచ్చేసరికి పూర్తిగా బందు పెట్టమన్నదైంది. ఏడాది తిరిగేసరికి ఆమెకు డయాలసిస్ మొదలైంది. వారానికి రెండుసార్లు బాపు ఆమెను జనగామ మీదుగా బస్సులో వరంగల్ తీసుకెళ్లేవాడు. వైద్యం మారింది గానీ పథ్యం మారలేదు, మార్చాలా అని అడగాలని ఎవరికీ తోచలేదు. ఉప్పులేని సొరకాయ ముక్కలు, పలుచని మజ్జిగ, అదే ఆమె తిండి. కంచంలో తెల్లగా జారిపోయే ఆ కూర కనబడకుండా నేను అటు తిరిగి తినేదాన్ని. పలకరించడానికొచ్చిన చుట్టాలు మాత్రం ఆమె మంచం పక్కనే కూర్చుని గారెలు నములుతూ, నూనె వేళ్లు నాకుతూ, "జర నోరు కట్టుకో అవ్వా" అని నీతులు చెప్పేవాళ్లు. ఆడుతున్న ఆ నోళ్లు తలుచుకుంటే ఇప్పటికీ ఉమ్మేయాలనిపిస్తుంది.

బాపు నాకొక ఉద్యోగం ఇచ్చాడు. "నువ్వు కావలుండు బిడ్డా. పప్పు తింటే అవ్వ మనకు దక్కది" అన్నాడు. ఇక నేను పోలీసునైపోయాను. వంటింటి గడప మీదే కూర్చుని చదువుకునేదాన్ని, గిన్నెల మీద మూతలు సరిచూసేదాన్ని. ఆ జబ్బు వల్ల నాయినమ్మ నోట్లోంచి మూత్రంలాంటి వాసన వచ్చేది. అది భరించలేక ఆమె పక్కన పడుకోవడం మానేశాను, కాపలా మాత్రం మానలేదు.

ఆ చలికాలం ఒక సాయంత్రం అమ్మ గుడాలు వండి దించింది. కాసేపటికి చూస్తే నాయినమ్మ మంచం మీద లేదు. వెతికితే పశువుల కొట్టంలో, గోడవైపు తిరిగి నిలబడి ఉంది. గుప్పిట మూసి ఉంది, దవడ కదులుతోంది.

"ఏం తింటానవే నాయినమ్మా?"

"రెండు గింజలే బిడ్డా. ఆకలైతాంది."

గుప్పిట విప్పదీసి గింజలన్నీ పేడలో పారేశాను. అదీ చాలక, ఆమె నోట్లో వేలు పెట్టి నమిలిన ముద్దను గీకి బయటికి తీశాను. వెచ్చగా, జిగటగా అది వేలికంటుకుంటే అసహ్యమేసి లంగాకు తుడుచుకుని, బాపుకు చెప్పడానికి పరుగెత్తాను. ఆయన నా తల నిమిరి మెచ్చుకున్నాడు.

కొన్నాళ్లకు ఆమె కాళ్లు ఉబ్బాయి, చేతులు పుల్లలయ్యాయి. ఒక రోజు బడికి సెలవు కావడంతో నేనూ వాళ్లతో వరంగల్ వెళ్లాను. డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి, ఇంట్లో ఏం పెడుతున్నారని అడిగింది.

"ఒక్క పప్పుగింజ ముట్టనిస్తలేం మేడం. నా బిడ్డనే కావలి" అన్నాడు బాపు గర్వంగా.

డాక్టరమ్మ తల పట్టుకుంది. "గది డయాలసిస్‌కు ముందటి మాటయ్యా! మిషన్ ఎక్కినప్పుడల్లా ఒంట్ల బలం కొంత గుంజుకపోతది. ఇప్పుడు రోజూ పెట్టాలె. గుడ్డు తినకపోతె పెసరపప్పు పెట్టున్రి, మీల్‌మేకర్ పెట్టున్రి. నానబెట్టి ఉడికిచ్చి, ఆ నీళ్లు పారబోసి పెట్టున్రి. ముసలామె ఆకలికి ఎండిపోతాంది."

వచ్చేటప్పుడు జనగామలో మీల్‌మేకర్ కొన్నాం. అమ్మ వండితే ఇల్లంతా ఆ కంపు. కానీ అప్పటికే నాయినమ్మ ఆకలి చచ్చిపోయింది. "నోట్లె పెడితె కడుపుల తిప్పుతాంది" అని తల తిప్పుకునేది. బతిమాలాను, ఏడ్చాను, పెసరపప్పు మెత్తగా కలిపి ముద్దలు చేసి నోటి దాకా తీసుకెళ్లాను. నా వేళ్లు దగ్గరికి రాగానే ఆమె పెదవులు బిగించేది. ఎండలు ముదరకముందే పోయింది. ముందే పెట్టి ఉంటే బతికేదో లేదో ఎవరూ చెప్పలేరు. ఆకలితో మాత్రం పోయేది కాదు.

ఇప్పుడు మా ఊరి చుట్టూ ఎటు చూసినా పత్తే, గట్ల మీద అనపతీగ ఎక్కడా లేదు. కొట్టం పోయి షట్టరు గదులొచ్చాయి, సత్తుపిండి కూడా ప్యాకెట్లలో కొంటున్నారు. బాపు మాత్రం ఇంటికెవరొచ్చినా ఆ కథే చెబుతాడు, అవ్వను ఎంత పథ్యంగా చూసుకున్నామో, "మా బిడ్డ పాణం లెక్క చూసుకున్నది" అని. డాక్టరమ్మ తిట్టిన సంగతి అందులో ఉండదు. వింటుంటే నా మీద నాకే అసహ్యం పుట్టి లేచి వెళ్లిపోయేదాన్ని. మొన్న నేను ఊరెళ్లినప్పుడు, చుట్టాలు వెళ్లాక ఇక ఆగలేకపోయాను.

"గా ముచ్చట ఇగ చెప్పకు బాపూ. డాక్టరమ్మ ఏమన్నదో నీకు యాదికి లేదా? నోట్లెది గుంజి పారేసిన నేను."

ఆయన చుట్టాలు తాగిన గ్లాసులు ఒక్కొక్కటిగా తీసి పక్కన పెట్టాడు.

"యాదికి లేకేం బిడ్డా. అడగక పాడుజేసింది నేను. నీకు గప్పుడు పదేండ్లు. మంచిగ చూసుకున్నవని నలుగురి ముంగట అంటాంటె, ఎప్పటికన్న నువ్వు నమ్ముతవనుకున్న."