బాబాయి వైనూ, దాని లోపాలూ

మా బాబాయికి ఒకటే జబ్బు. తను చేసిన వైనులో లోపమేమిటో కొనేవాడికి చెప్పందే ఆయనకు నిద్ర పట్టదు. వాళ్లు అడగక్కర్లేదు. గుమ్మం దాటేలోపే మొదలుపెడతాడు.

"రండి రండి. ముందే చెబుతున్నా, ఇది కాస్త పులుపు. కాయ ఇంకో వారం ఆగి కోయాల్సింది. తొందరపడ్డాను. తప్పు నాదే."

"బాగానే ఉందండీ," అంటాడు వచ్చినాయన ఒక గుక్క తాగి.

"మీకు జలుబు చేసినట్టుంది," అంటాడు బాబాయి జాలిగా.

పని చేతకాక కాదు. ద్రాక్షతోటలో కలుపుమందు కొట్టడు, వరసల మధ్య గొర్రెల్ని వదులుతాడు. రసం పిండగా మిగిలిన తొక్కలు ఎరువై మళ్లీ తీగల మొదళ్లకే చేరతాయి. పొద్దున్నే నేలమాళిగలోకి దిగి, గాజు గొట్టంతో ప్రతి పీపాలోంచీ కాస్త లాగి, తీపెంతో పులుపెంతో కొలుస్తాడు. కొలిచింది కడుపులో దాచుకోలేడు, అదీ బాధ. ఎవరైనా "మీ గొర్రెలు భలే పనిచేస్తున్నాయండీ" అని మెచ్చుకున్నారో, "కింది వరసల్లో చిగుళ్లు కూడా మేసేశాయి. కంచె సరిగా కట్టలేదు. తప్పు నాదే" అని గొర్రెల తరఫున కూడా క్షమాపణ చెప్పేస్తాడు.

ఆ వైను సీసాలకు లేబుళ్లు అచ్చువేసేది నేనే. ఓసారి వచ్చి, "ముందువైపు పేరు వెయ్యరా, వెనకవైపు లోపాలు వెయ్యి" అన్నాడు.

"జాగా చాలదు బాబాయ్."

"అయితే పేరు తీసెయ్."

అమ్మకాలు చూసుకునే పిన్ని తల పట్టుకునేది. "పీపాలకి పెట్టినట్టే ఈయన నోటికీ ఓ బిరడా పెడితేగానీ మన సంసారం బాగుపడదురా," అని నాతో మొత్తుకునేది.

ఈ ఏడు మాత్రం అది నవ్వుకునే సంగతి కాదు. వరసగా రెండేళ్లు పంట దెబ్బతింది. ఓ పెద్ద హోటలాయన చూడ్డానికి వస్తున్నాడు. ఆయన కొంటే సరేసరి, లేదంటే తోటలో కింది సగం పక్కాయనకు అమ్మేయాల్సిందే. పక్కాయన కలుపుమందు కొడితే ఇవతల గొర్రెలు కూడా తుమ్ముతాయి. ఆ కింది సగమంటే బాబాయికి ప్రాణం. అందుకే పిన్ని ముందురోజే ఒట్టు వేయించుకుంది.

"ఆయన అడిగితే తప్ప మీరు నోరు విప్పకూడదు."

బాబాయి బుద్ధిగా తలూపాడు.

హోటలాయన వచ్చి ఒక్కో పీపాలోదీ రుచి చూస్తుంటే బాబాయి పెదాలు బిగించుకుని నిలబడ్డాడు. నేలమాళిగ అంత చల్లగా ఉన్నా ఆయనకు చెమటలు పట్టాయి. ఆ అవస్థ చూడలేక నేను అటు తిరిగాను. అంతలో హోటలాయన మూలనున్న పీపా చూపించి, "మరి ఇందులో?" అన్నాడు.

అడిగాడు కదా! బాబాయి ఊపిరి పీల్చుకున్నాడు.

"అది పాడై వెనిగర్ అయిపోయిందండీ. వేసవిలో తీసి చూసి, బిరడా పెట్టడం మర్చిపోయాను. గాలి తగిలితే ఇంకేముంది, పులిసిపోయింది. తప్పు నాదే."

పిన్ని ముఖం మాడిపోయింది. "ఈయన మతిమరుపుతో నేను వేగలేనండీ. వేసవంతా తిడుతూనే ఉన్నా. మా అన్నయ్య వచ్చినప్పుడు అదే పీపాలోది రుచి చూపిస్తే ఎంత మెచ్చుకున్నాడనీ..."

అక్కడ ఆగిపోయింది. బాబాయివైపు చూసింది.

"అప్పుడు మీరు ఊళ్లో లేరు."

"ఉన్నానే."

"లేరు. పాత సీసాలు పోగేసుకొస్తానని పట్నం వెళ్లి రెండు వారాలు అక్కడే ఉండిపోయారు. తాళం నా దగ్గరే ఉంది. అన్నయ్యకోసం పీపా తీసింది నేను. మాటల్లో పడి బిరడా పెట్టకుండా పైకొచ్చేశాను."

ఆయన రోజూ తప్పు నాదే అంటుంటాడు కాబట్టి, ఈ ఒక్కటి నిజంగా ఎవరిదని మేమెవరమూ ఆరా తీయలేదు.

"మరి అన్ని తిట్లూ ఎందుకు పడ్డారు?" అంది పిన్ని. గొంతు మెత్తబడింది.

"నీకు తెలిస్తే సిగ్గుపడి మళ్లీ ఈ మాళిగలోకి దిగవేమోనని," అని గొణిగాడు బాబాయి. "నువ్వు దిగకపోతే ఇక్కడ నాకు తోచదు."

నాకు నవ్వూ వచ్చింది, ఆయన మీద ప్రేమా పొంగింది. హోటలాయన మాత్రం ఆ మూల పీపాలోది వేలితో నాలిక్కి రాసుకుని చప్పరించాడు.

"మీ వైన్లన్నీ తీసుకుంటాను. లోపాలు మీరే చెప్పేస్తే నాకు వెతుక్కునే బాధ లేదు. ఈ వెనిగర్ కూడా పంపండి, మా వంటగదికి కావాలి. ఇందులోనూ లోపముందా?"

బాబాయి ఉత్సాహంగా నోరు తెరిచాడు. పిన్ని అడ్డుపడింది.

"మీరాగండి. ఇది చేసింది నేను. దీని లోపం నేను చెప్పాలి."

వెనిగర్ లేబుళ్ల వెనకవైపు "తప్పు నాదే" అని వేయాలట. అది పిన్ని మాటగా వేయాలా, బాబాయి మాటగా వేయాలా అన్నది తేలక, ఇద్దరూ రోజూ మా అచ్చాఫీసుకొచ్చి పోట్లాడుకుంటున్నారు.