గునపమ్మ కూర్చున్న గొయ్యి

మా మేనత్త శ్మశానంలో గోతులు తవ్వేది. ఆడమనిషి ఆ పనేమిటని ముక్కున వేలేసుకోకండి. మా తాత పోయాక గునపం మా నాన్న చేతికి రావాలి. మా నాన్నకేమో నడుం నొప్పి. పని పేరెత్తితే చాలు, వచ్చేసేది. దాంతో అత్త పట్టుకుంది. ఊరంతా ఆవిణ్ణి గునపమ్మ అనేవాళ్ళు. మనిషి పొట్టి, నోరు మాత్రం పెద్దది. గోతిలోకి దిగితే మనిషి కనపడేది కాదు గానీ తిట్లు వినపడేవి.

మా శ్మశానం సంగతి చెప్పాలి. గుట్ట మీదంతా తెల్లవాళ్ళకి, గుట్ట కింద పల్లం మా నల్లవాళ్ళకి. బతికున్నప్పుడు వాళ్ళ గిన్నెలు తోమడానికీ, వాళ్ళ పిల్లల ముక్కులు తుడవడానికీ మా నలుపు అడ్డం రాలేదు. చచ్చాక పక్కన పడుకుంటే అంటుకుంటుందని భయం కాబోలు. పల్లంలో మోకాలి లోతు తవ్వితే చాలు, నీళ్ళు ఊరతాయి. అత్త కాసేపు తవ్వి కాసేపు బకెట్టుతో తోడేది. గుట్ట మీద మాత్రం పొడి మట్టి. ఆ పొడి మట్టిని వాళ్ళ కోసం తవ్వేది కూడా మా అత్తే.

మా వీధి చివర మంత్రసాని మామ్మ ఉండేది. మావాళ్ళకీ వాళ్ళకీ ఆవిడే పురుళ్ళు పోసింది. మంచాన పడ్డాక ఒకరోజు అత్తని పిలిపించింది. నేనూ వెంట వెళ్ళాను.

"ఒసే గునపమ్మా, జన్మంతా ఉమ్మనీళ్ళలో తడిశానే. చచ్చాక కూడా నన్ను నీళ్ళలో పెట్టకే" అంది.

"నీ నోటికి చావు కూడా దడుచుకుంటుంది లే మామ్మా" అంది అత్త. మామ్మ నవ్వలేదు. చెయ్యి పట్టుకుని వదల్లేదు. అప్పుడు అత్త కూడా వేళాకోళం మానేసి, "పొడి చోటే పెడతాను. ఒట్టు" అంది.

ఒట్టయితే వేసింది గానీ చోటెక్కడిది? శ్మశానం కమిటీ ప్రెసిడెంటు దగ్గరికి వెళ్ళింది. ఆయనకి బట్టల కొట్టుంది. ఆయన్ని కూడా మామ్మే పుట్టించింది, అదీ ఎదురుకాళ్ళతో వస్తుంటే తిప్పి లాగి. తల చివర్న వచ్చింది కాబట్టే ఇప్పటికీ దాన్ని చివర్న వాడతాడని అత్త అనేది.

ఆయన చాలా మర్యాదగా, "నాకేం పట్టింపు లేదమ్మా. మిగతావాళ్ళు ఒప్పుకోరు" అన్నాడు.

అత్త మిగతావాళ్ళ దగ్గరికీ వెళ్ళింది. ఒక్కొక్కరూ అదే మాట. "ఛీ, ఆ మిగతావాళ్ళు ఎక్కడ చచ్చారో గానీ ఊరంతా వెతికినా ఒక్కడూ దొరకలేదే!" అని ఇంటికొచ్చి చెంబు విసిరికొట్టింది.

ఇంతలో ప్రెసిడెంటు గారి నాన్నకి జబ్బు చేసింది. డాక్టరు పెదవి విరిచాడు, తెల్లారదన్నాడు. ప్రెసిడెంటుకి అన్నీ ముందే సిద్ధంగా ఉండాలి. సాయంత్రానికల్లా గుట్ట మీద అందరికంటే ఎత్తయిన చోట గొయ్యి తవ్వించాడు. అత్తే తవ్వింది.

తెల్లారింది. ముసలాయన లేచి కూర్చుని, "కాఫీలో చక్కెర తక్కువైంది, ఎవరు కలిపింది?" అని అడిగాడు.

ఇంకో ఊళ్ళో అయితే ఇది పండగ చేసుకోవలసిన సంగతి. మా ఊళ్ళో కాదు. తవ్విన గొయ్యిలోకి మర్నాడు పొద్దుగూకేలోపు ఏదో ఒక శవం దిగాలి. ఖాళీగా పూడ్చినా, తెరిచి వదిలేసినా తవ్వించిన ఇంట్లోంచే ఇంకొకరు పోతారని మావాళ్ళ నమ్మకం. తెల్లవాళ్ళదీ అదే నమ్మకం. రంగులో ఎంత తేడా ఉన్నా తెలివితక్కువతనంలో మేమంతా ఏకోదరులం. ప్రెసిడెంటు ముఖంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేకుండా పోయింది.

అదే రోజు మధ్యాహ్నం మామ్మ పోయింది.

అత్త కళ్ళు తుడుచుకుని తిన్నగా బట్టల కొట్టుకి వెళ్ళింది. "బాబూ, మీకు శవం కావాలి, మాకు పొడి చోటు కావాలి. ఇంకేం ఆలోచిస్తారు?" అంది.

ఆయన బట్టల తానుల వైపు చూసి, "అంత అవసరం రాలేదులే. ప్రాణం పోయినదేదైనా చాలట. రోడ్డు మీద లారీ కింద పడి ఒక కుక్క చచ్చింది. తెమ్మని పంపించాను" అన్నాడు.

అత్త తిట్టను కూడా తిట్టలేదు. గబగబా గుట్టెక్కి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, ఆ గోతిలోకి దిగి, గోడకి వీపు ఆనించి కూర్చుంది. మావాళ్ళు మామ్మని మంచంతో సహా మోసుకొచ్చి గట్టు మీద దింపి చుట్టూ నిలబడ్డారు. నేను అత్తకి టీ తెచ్చి అందించాను.

కాసేపటికి ప్రెసిడెంటు వచ్చాడు, వెనక ఆయన భార్య, గోనెసంచీలో కుక్కని మోసుకుంటూ ఇద్దరు పనివాళ్ళు.

"పైకి రా" అన్నాడు.

"ఇక్కడే బాగుంది. మీ కుక్కని నా ఒళ్ళో పడేసి ఇద్దరినీ కలిపి పూడ్చండి" అంది అత్త టీ ఊదుకుంటూ.

"పొద్దు పోతోంది!"

"పోనివ్వండి. పోతే మీ ఇంట్లోవాళ్ళు పోతారు గానీ నాకేం? ఎవరున్నారు మీ ఇంట్లో? ముసలాయన ఇప్పట్లో రానని చెప్పేశాడు. పిల్లలు పట్నంలో ఉన్నారు. ఇక మీరు, మీ ఆవిడ."

ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. మావాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రెసిడెంటుకి ఒళ్ళు మండింది.

"ఇన్నేళ్ళూ మీవాళ్ళు పల్లంలో పడుకోలేదా? ఎవరైనా ఒక్క మాట అన్నారా? ఇప్పుడెందుకు ఈ గొడవ?"

అత్త గ్లాసు పక్కన పెట్టింది. తర్వాత వచ్చిన గొంతు నేనెప్పుడూ విన్నది కాదు.

"అనలేదు బాబూ. నా కూతురు రెండేళ్ళ పిల్ల. జ్వరంతో పోయింది. ఆ పల్లంలో నీళ్ళు తోడి తోడి, ఇంక తోడలేక, ఆ నీళ్ళలోనే పెట్టాను. నా చేత్తోనే. పెట్టిన మర్నాడు గుట్ట మీద మీ పిన్నికి గొయ్యి తవ్వడానికొచ్చాను. మట్టి పట్టుకుంటే పొడిగా ఉంది. అప్పుడూ ఏమీ అనలేదు, తవ్వి ఇంటికి పోయాను. ఇవాళ అంటున్నాను. మంత్రసాని మామ్మ ఇక్కడే పడుకుంటుంది. లేదా నేను పడుకుంటాను. కుక్క మాత్రం పడుకోదు."

పొద్దు వాలిపోతోంది. చివరికి ప్రెసిడెంటు భార్య భర్త చొక్కా పట్టుకుని, "నా నాలుగు కాన్పులూ ఆవిడే చేసింది. మీరు ఒప్పుకోకపోతే నేను కూడా ఆ గోతిలోకి దిగుతాను" అంది. భయంతో అందో, ప్రేమతో అందో నాకు తెలియదు. రెండూ అయ్యుంటాయి. ప్రెసిడెంటు గోనెసంచీ వాళ్ళని వెనక్కి పొమ్మని చెయ్యి ఊపాడు.

మామ్మని దించాం. మొదటి పిడికెడు మట్టి వేస్తూ అత్త, "కాళ్ళు చాపుకుని పడుకో ముసల్దానా, తడి లేదు" అంది.

మర్నాడు కమిటీ కొత్త తీర్మానం చేసింది. ప్రాణం పోకముందు గొయ్యి తవ్వించరాదు, నిన్నటిది ఒక్కసారికే, ఇకమీద ఎవరి చోటు వాళ్ళదే అని. ఆ తీర్మానం వినడానికి అత్త లేదు. పొద్దున్నే పల్లంలోకి దిగింది. నేను వెళ్ళేసరికి ఒక పాత చిన్న గొయ్యి తిరగతవ్వి, నడుం లోతు నీళ్ళలో నిలబడి చేతులతో వెతుకుతోంది.

"ఏం దొరికిందత్తా?"

"ఏమీ లేదే. ఒక్క ఎముక కూడా మిగల్లేదు. అంతా బురదే."

ఆ బురదనే రెండు చేతులతో తీసి బుట్టలో వేసింది. నేను సాయం పట్టబోతే వద్దంది. బుట్ట చంకన పెట్టుకుని, నీళ్ళు కారుతుండగా గుట్టెక్కింది. మామ్మ పక్కన చిన్న గొయ్యి తవ్వడం మొదలుపెట్టింది. ప్రెసిడెంటు పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరిని అడిగి తవ్వుతున్నావు? ఏం పెడుతున్నావు అందులో?"

అత్త తలెత్తలేదు. బుట్టని మెల్లిగా గోతిలోకి దించింది.

"నా కూతుర్ని" అంది.