ఊదారంగు నేల

ఐడలీనా ఫుర్టాడోకి సముద్ర నక్షత్రాలంటే ఒళ్లుమంట. కాలిఫోర్నియా ఒడ్డున నోయో రేవులో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. ఒడ్డున పిల్లలు ఏరుకునే అరచేతంత నక్షత్రాలు కావవి. లారీ చక్రమంత ఉండి, ఇరవైకి పైగా చేతులతో రాళ్ల మీద పరుగులు పెట్టేవి. ఆమె బతుకేమో సముద్రం అడుగునుంచి ఏరి అమ్ముకునే అర్చిన్ల మీద. ఉమ్మెత్తకాయలా ఒళ్లంతా ముళ్లుండే ఆ ప్రాణిని పగలగొడితే లోపల పసుప్పచ్చటి గుజ్జు. ఆ గుజ్జంటే పడిచచ్చేవాళ్లు ఉన్నారు. ఎర్ర అర్చిన్లు నిండిన రాయి కనపడిందని సంబరపడేలోపు దాని మీద ఓ నక్షత్రం బోర్లా పడుకుని ఉండేది.

"నా కంచంలో చెయ్యి పెడుతోంది, దొంగముండ!" అనేది పైకొచ్చి.

"దానికీ ఆకలేస్తుందిగా లీనా," అనేవాడు మొగుడు మెర్విన్. పడవ మీద గాలి మోటారు చూసుకోవడం అతని పని. ఆమె నోట్లోకి గాలి వెళ్లే పొడుగాటి గొట్టం అతని చేతుల మీదుగానే దిగేది.

పెళ్లికి ముందునుంచీ ఆమెకిదే పని. తాటిచెట్టంత ఎత్తు పెరిగే కెల్ప్ నాచు మధ్య, ఆకుల సందుల్లోంచి పడే ఎండలో, చేపల గుంపుల్ని పక్కకి నెట్టుకుంటూ దిగేది. తన పెరడు ఆ అడవేనని అనుకునేది.

ఒక శరత్కాలంలో అడుగున ఓ నక్షత్రం కనిపించింది. ఒంటి నిండా తెల్లటి పుళ్లు, చేతులన్నీ మెలికలు తిరిగి ఉన్నాయి. ఆమె చూస్తుండగానే ఒక చెయ్యి ఊడిపోయింది. ఊడి ఊరుకోలేదు, శరీరాన్ని వదిలేసి తనంతట తాను రాయి మీద నడిచి వెళ్లిపోయింది. ఐడలీనా అదిరిపడి వెనక్కి ఈదింది. చుట్టూ చూస్తే ఇంకొకటి, దాని పక్కన మరొకటి. ఒక్కోటి పెరుగులా కరిగి రాళ్ల మీద జారుతోంది.

రేవులో చెబితే ముసలి టోయ్‌వో పడీపడీ నవ్వాడు. "చెయ్యి నడిచిందా? పొద్దున్నే ఏం తాగి దిగావమ్మాయ్?"

"నీ బుర్ర కరిగినట్టే కరిగిపోతున్నాయి తాతా, దిగి చూడు."

నాలుగు వారాలు తిరిగేసరికి ఒక్క నక్షత్రం మిగల్లేదు. మొదటి భయం తగ్గాక ఆమెకి లోలోపల సంతోషమే వేసింది. "ఇక పోటీ లేదు," అంటూ మెర్విన్ ఆ ఆదివారం సాసేజీలు కాల్చి రేవులో అందరికీ పెట్టాడు.

తర్వాత రెండేళ్లూ నీళ్లు వింతగా వెచ్చబడ్డాయి. నాచు పలచబడుతోందని అందరూ అన్నారు, మళ్లీ పెరుగుతుందిలే అనీ అన్నారు. మొగుడూపెళ్లాలు ఉత్తరాన పడవ తిప్పుకుని, మూడో వేసవికి ఆమెకిష్టమైన కయ్యలోకి, సముద్రం ఒడ్డులోకి చొచ్చుకొచ్చిన ఆ మూలకి, తిరిగొచ్చారు. ఐడలీనా దిగీదిగగానే పైకి తేలింది.

"ఎక్కడ దింపావయ్యా నన్ను? మతుందా?"

"ఎప్పుడూ దింపేచోటే! అదుగో, వంగిన రాయి కనపడ్డంలా?"

"కాదు. ఇది మన చోటు కాదు."

"కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ దిగు."

మళ్లీ దిగింది. వంగిన రాయి అడుగూ అదే, దాని కింద గుహా అదే. అడవి లేదు. ఒక్క మోడు లేదు. ఎండ సూటిగా అడుగుకి దిగుతోంది, దాని కింద కనుచూపుమేరా ఊదారంగు. ఆమె ఎన్నడూ లెక్కచేయని చిన్న ఊదా అర్చిన్లు, నేల కనపడకుండా, ముల్లుకి ముల్లు తగిలేలా పరుచుకుని ఉన్నాయి. నాచు తిన్నాయి, వేళ్లు తిన్నాయి, ఇప్పుడు రాళ్లని గీకుతున్నాయి. ఆ గీకుడు ఆమె చెవులకి వినబడింది.

ఎర్రదాన్నొకదాన్ని పట్టి పగలగొట్టింది. లోపల నీళ్లు తప్ప ఏమీ లేదు. ఇంకోటి పగలగొట్టింది, అదీ అంతే. పక్కనే ఓ అబలోనీ నత్త, పళ్లెమంత చిప్పతో, ఎప్పుడూ రాయిని కరుచుకుని ఉండేది, ఇనపకడ్డీ పెట్టినా ఊడనిది. వేలు తగిలిస్తే చాలు, చేతిలోకి వచ్చిపడింది. చిప్పలో మాంసం ఎండిన నాలుకలా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకి తెలియలేదు. పట్టుకునే పైకొచ్చింది.

పడవలో ఆ చిప్పని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మెర్విన్ దుప్పటి కప్పి కాఫీ చేతికిచ్చాడు.

"ఊదావాటిని ఎవరు తినేవాళ్లు మెర్విన్?" అంది.

"నాకేం తెలుసు. ఎవరో..." అని ఆగిపోయాడు. ఆమె ముఖం చూశాడు. "నక్షత్రాలా?"

"నావే తింటున్నాయనుకున్నా. నా అడవికి కాపలా కాశాయవి. చస్తే పండగ చేసుకున్నాం కదా."

"మనం చంపలేదు లీనా."

"చంపలేదు. నవ్వాం."

ఆ ఏడు ఎర్ర అర్చిన్ల పని మూతబడింది. మెర్విన్ పడవలు బాగుచేసే షెడ్డులో చేరాడు. కొందరు ఊరు వదిలారు. తిండి లేకపోతే ఆ ఊదావి చస్తాయని ఐడలీనా ఆశపడింది. అవి చావలేదు. లోపల డొల్లై, ఆకలితోనే ఏళ్ల తరబడి అలాగే కూర్చున్నాయి. ఎక్కడైనా లేత నాచు మొలిస్తే చాలు, నాలుగు వైపుల నుంచీ పాకి వచ్చేవి. అన్నిటికన్నా ఆమెని బెదరగొట్టింది అదే.

చివరికి ఊదావాటిని పగలగొట్టి ఒక చిన్న కయ్యని శుభ్రం చేద్దామని కొందరు ఈతగాళ్లు పిలిస్తే, మొదట వెళ్లింది ఆమే. సుత్తి పట్టుకుని మోకాళ్ల మీద నేలంతా పాకింది. గతంలో వలసంచిలోకి ప్రాణంగా ఏరుకున్నట్టే ఇప్పుడూ ఒక్కొక్కటే వెతికి పగలగొట్టింది. గుట్టలు గుట్టలుగా పగలగొట్టినా మర్నాటికి పక్కనుంచి మరికొన్ని వచ్చేవి. వాటి మీద ఆమెకి కోపం కూడా రాలేదు. "పాపం, వాటి తప్పేముంది," అంది టోయ్‌వోతో. ముసలాయన ఈసారి నవ్వలేదు.

రెండో వసంతంలో ఆ కయ్యలో నాచు లేచింది. పైకి తేలి నోట్లో గొట్టం తీసేసి, "మెర్విన్! నా భుజం దాటింది!" అని అరిచింది. సెలవు రోజని పడవెక్కిన మెర్విన్ టోపీ తీసి నీళ్లలోకి విసిరాడు.

ఆ సాయంత్రం ఆమె కయ్య అంచు దాటి ఓ పది బారలు అవతలికి ఈదింది. అక్కడినుంచి మళ్లీ ఊదారంగే, వెలుగు అందినంత దూరం. కాసేపు నీళ్లలో వేలాడుతూ చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, అంచున ఉన్న మొదటి రాయి దగ్గర మోకాళ్ల మీద వాలి, సుత్తి ఎత్తింది.