వేసవి వచ్చి పద్నాలుగు రాత్రులు

1981, ఏప్రిల్ ఆఖరి వారం. మిన్నెసోటా రాష్ట్రంలో పడమటి వైపు, గోధుమ పొలాల మధ్య ఉన్న ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో నేను నర్సుని. గుంటూరులో నర్సింగ్ చదివి అమెరికా వచ్చి అప్పటికి ఆరేళ్లు. మా వార్డులో చేరేవాళ్లలో సగం మంది నార్వే నుంచి వచ్చి స్థిరపడిన రైతుల సంతతి. మాట తక్కువ, పంతం ఎక్కువ. నాకు మాట ఎక్కువే గానీ, పంతంలో వాళ్లకేమీ తీసిపోను.

హాల్వర్ గారికి ఎనభై ఒక్కేళ్లు. భార్య పోయాక పొలంలోని ఇంట్లో ఒంటరిగా ఉంటున్నారు. న్యుమోనియాతో జ్వరం ముదిరి పశువుల కొట్టం దగ్గర కూలబడితే పక్క పొలం ఆయన చూసి తీసుకొచ్చాడు. మొదటి మూడు రోజులు జ్వరంలో ఏవేవో కలవరించారు. తర్వాత జ్వరం దిగింది, ఊపిరితిత్తులు తేరుకున్నాయి. ఇక తేలాల్సింది ఒక్కటే. ఆయన్ని ఇంటికి పంపాలా, నర్సింగ్ హోమ్‌కి పంపాలా? అక్కడ నర్సింగ్ హోమంటే ఒంటరిగా ఉండలేని ముసలివాళ్లు చివరిదాకా ఉండే చోటు. దూరపు ఊళ్లో టీచరుగా చేస్తున్న కూతురు కారెన్ సెలవు పెట్టి వచ్చింది. నర్సింగ్ హోమ్‌లో ఒక మంచం ఖాళీ అయిందట. శుక్రవారం లోపు ఏదో ఒకటి చెప్పాలి.

ఇలాంటప్పుడు మతి నిలకడగా ఉందో లేదో చూడ్డానికి మేం మెంటల్ స్టేటస్ అని ఒక చిన్న పరీక్ష పెట్టేవాళ్లం. తేదీ, రుతువు, సమయం, కొంచెం లెక్క అడిగి మార్కులు వేయడమే. మంగళవారం పొద్దున్న ఆ కాగితం పట్టుకుని నేనే వెళ్లాను.

"మీ వయసెంత?"

"ఎనభై ఒక్క చలికాలాలు."

మార్కు వేశాను.

"ఇవాళ తేదీ ఎంత?"

"వేసవి వచ్చి పద్నాలుగు రాత్రులయింది."

కిటికీ అవతల సన్నగా మంచు కురుస్తోంది. నేను స్వెట్టర్ మీద ఇంకో స్వెట్టర్ వేసుకుని ఉన్నాను. తేదీకి సున్నా, రుతువుకి సున్నా.

"టైమ్ సుమారుగా ఎంతయి ఉంటుంది?"

"ఈ గదిలో ఎలా తెలుస్తుంది? ఇక్కడికి సూర్యుడు రాడుగా."

గోడ గడియారం ఆయన తల వెనక ఉంది. దాన్ని చూడాలని కూడా ఆయన ప్రయత్నించలేదు. ఇంకో సున్నా.

"వందలోంచి ఏడు చొప్పున తీసేస్తూ చెప్పండి."

"నూట పదమూడు. నూట ఆరు. తొంభై తొమ్మిది."

నాకు నిజంగా జాలేసింది. చార్ట్‌లో 'కాలం తెలియడం లేదు' అని ఇంగ్లీషులో రాసి సంతకం చేశాను. డాక్టర్ గారు చదివి, "నేననుకున్నదే. గురువారం కాన్ఫరెన్స్ పెడదాం" అన్నారు. డాక్టరు, నర్సు, ఇంటివాళ్లు కలిసి కూర్చుని రోగి ఎక్కడ ఉండాలో తేల్చే సమావేశం అది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మావారితో అన్నాను. "పాపం, ఒక పెద్దాయన్ని ఇవాళ ఫెయిల్ చేశానండీ. మంచు పడుతుంటే సమ్మర్ అంటారు. డేట్ అడిగితే రాత్రులు కౌంట్ చేసి చెప్తారు."

ఆయన పప్పు కలుపుకుంటూ నవ్వారు. "మీ నాన్నగారిని అడిగి చూడు. భరణి కార్తె వచ్చిందమ్మా అంటారు. ఆయన్ని కూడా ఫెయిల్ చేస్తావా?"

ముద్ద నోటిదాకా వెళ్లలేదు. మా నాన్న జీవితంలో ఏప్రిల్ అనే మాట అవసరం పడి ఎరగడు. కార్తెలతో విత్తేవాడు, పొద్దు బారెడెక్కిందంటే ఎంతయిందో ఇంటిల్లిపాదికీ తెలిసేది. మరి హాల్వర్ గారి పద్నాలుగు రాత్రులు ఎక్కణ్నుంచి మొదలయ్యాయి? అది అడగాలని నాకు తోచనే లేదు.

మర్నాడు డ్యూటీ ఎక్కగానే ఆయన మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మీ వేసవి ఎప్పుడు మొదలవుతుంది?"

"ఏప్రిల్ పద్నాలుగున. మా తాత దగ్గర చెక్క బద్ద ఒకటి ఉండేది. ఒక పక్క చలికాలం, ఇంకో పక్క వేసవి. రోజుకో గాటు. ఆ రోజున బద్ద తిరగేసి గోడకి తగిలించేవాడు. వెయ్యేళ్ల కిందటి మా నార్వే పూర్వీకులైన వైకింగులకి ఏడాదంటే ఆ రెండు ముక్కలే. వాళ్లు రోజులు కాదు, రాత్రులు లెక్కపెట్టేవాళ్లు. ఏళ్లు కాదు, చలికాలాలు."

పద్నాలుగుకి పద్నాలుగు కలిపితే ఇరవై ఎనిమిది. మంగళవారం తేదీ అదే. ఆయన ఒక్క రోజు కూడా తప్పలేదు.

"మరి నూట పదమూడు?"

"వాళ్ల వందంటే పన్నెండు పదులు. మా తాత కంచె గుంజలు అలాగే లెక్కపెట్టేవాడు. అందులోంచి ఏడు తీసి చూడు."

శనివారాల్లో ఊరి మ్యూజియంలో వైకింగుల సంగతులు ఆయన ముప్పై ఏళ్లు చెప్పారని అప్పుడే తెలిసింది. సిగ్గుతో పాటు కోపం కూడా వచ్చింది నాకు. "ఇంత తెలిసినవారు నేనడిగినట్టు చెప్పొచ్చుగా!"

"చిన్నపిల్లాణ్ని అడిగినట్టు అడిగావు. ఇదేమిటని ఒక్క మాట తిరిగి అడుగుతావేమోనని చూశాను. సున్నాలు పెట్టుకుని వెళ్లిపోయావు."

"మీ పంతం మిమ్మల్ని నర్సింగ్ హోమ్‌లో పడేస్తుంది. ఆ సంగతి తెలుసా?"

తెలియదని ఆయన మొహమే చెప్పింది. దుప్పటి అంచు మడతపెట్టి, మళ్లీ విప్పారు. తర్వాత మెల్లగా చెప్పారు. ఇంట్లో ఉంటే పక్క పొలంలో పశువుల మేత నిలవచేసే గోపురం మీద సూర్యుడుంటే ఎంతో, చర్చి శిఖరం మీదికొస్తే ఎంతో ఆయనకి తెలుసు. వైకింగులు కూడా ఇంటి గుమ్మంలో నిలబడి కొండల్ని ఇలాగే గుర్తు పెట్టుకునేవారట. చుట్టూ ఉన్న ఆకాశపు అంచుని ఎనిమిది భాగాలు చేస్తే ఒక్కో భాగం దాటడానికి సూర్యుడికి మూడు గంటలు. మన జాము లెక్కే.

"ఆ ఇల్లు వదిలితే నేను పోతాను, కమలా" అన్నారు. నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. నాకు భయం వేసింది, ఎందుకంటే ఆయన్ని నర్సింగ్ హోమ్‌కి పంపడానికి చార్ట్‌లో నా సంతకం చాలు.

ఆ పూటే ఆయన్ని ఉత్తరం గదిలోంచి దక్షిణం కిటికీ ఉన్న గదికి మార్పించాను. కాన్ఫరెన్స్‌లో మాత్రం మా ఆసుపత్రి భాషలో, మా గడియారం ప్రకారం చెప్పమని బతిమాలాను. ఆయన ఔననలేదు, కాదనలేదు.

గురువారం ఎండ బాగా కాసింది. ఆ దక్షిణం కిటికీ గదిలోనే కూర్చున్నాం. హాల్వర్ గారు చెప్పినవన్నీ డాక్టర్ గారికి వివరించాను. ఆయన ఓపిగ్గా విని, గోడ గడియారం వైపు వీపు పెట్టి ఉన్న హాల్వర్ గారిని అడిగారు. "ఇప్పుడు టైమ్ ఎంత?"

హాల్వర్ గారు నేల వైపు చూశారు. కిటికీ నడిమి కమ్మీ నీడ టైల్స్ గీత మీద నిలువుగా పడి ఉంది. "నడి మధ్యాహ్నం. సరిగ్గా పన్నెండు."

గడియారం ఒకటీ ఇరవై చూపిస్తోంది. కారెన్ కళ్లు తుడుచుకుంది. డాక్టర్ గారు పెన్ను తీశారు.

"మా గడియారంలో ఎంతయి ఉంటుందండీ?" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

హాల్వర్ గారు కారెన్ వైపు చూశారు. పంతం కాస్త సడలినట్టుంది. "ఒకటీ ఇరవై. ఊళ్లన్నిటికీ ఒకే టైమ్ పెట్టి ఇక్కడి మధ్యాహ్నంలోంచి రైళ్లవాళ్లు ఎప్పుడో ఇరవై నిమిషాలు పట్టుకుపోయారు. మొన్న ఆదివారం, ఏటా ఎండాకాలానికి తిప్పినట్టే, గడియారాలు ముందుకు తిప్పి గవర్నమెంట్ ఇంకో గంట పట్టుకుపోయింది. సూర్యుడికి ఎవరూ చెప్పలేదు."

డాక్టర్ గారు గడియారం వైపు చూశారు, నీడ వైపు చూశారు. పెన్ను జేబులో పెట్టుకున్నారు. తర్వాత ఆయన అడిగినవన్నీ అవసరమైన ప్రశ్నలే. మాత్రలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలి, పొయ్యి ఎలా ఆర్పాలి, ఒంట్లో బాగోకపోతే ఎవరికి ఫోన్ చేయాలి. హాల్వర్ గారు అన్నీ మా భాషలోనే చెప్పారు. వారానికోసారి నర్సు ఇంటికెళ్లి చూసే ఏర్పాటుతో ఇంటికి పంపడానికి డాక్టర్ గారు ఒప్పుకున్నారు.

"నాన్నా, ముందే ఇలా చెప్పొచ్చుగా" అంది కారెన్.

"ముందు ఎవరూ ఇలా అడగలేదు."

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు నేను ఆ పరీక్ష పెడుతూనే వచ్చాను. తప్పు జవాబు వచ్చినప్పుడల్లా, మీకెలా తెలిసిందని ఒక్క ప్రశ్న అదనంగా అడిగేదాన్ని. చాలామందికి నిజంగానే మతి తప్పిందని ఆ ప్రశ్నతోనే తెలిసేది. ఇద్దరు ముగ్గురి విషయంలో మాత్రం సున్నా వేయబోయిన చెయ్యి ఆగిపోయింది.

ఆ గురువారం ఇంకో పని మిగిలింది. చార్ట్‌లో ఒకసారి రాసింది చెరపకూడదు. తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత గీసి, పక్కన 'ఎర్రర్' అని రాసి, తేదీ వేసి, పొడి అక్షరాలు పెట్టాలి. "రోగి మెరుగయ్యాడు అని రాసేయరాదూ, సరిపోతుంది" అన్నారు డాక్టర్ గారు, నా మీద దయతోనే. మంగళవారం నుంచి గురువారానికి ఆయనలో మెరుగవ్వాల్సిందేమీ లేదు. అందుకని గీత గీశాను, ఎర్రర్ అని రాశాను. తేదీ దగ్గర పెన్ను ఆగిపోయింది. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పక్కనున్న నర్సుని అడిగాను. ముప్పై అని ఆమె తల ఎత్తకుండా చెప్పింది. నాకు ఎవరూ సున్నా వేయలేదు.