పట్టపగటి సఫారీ

మా అక్కకు అడవిలో జిరాఫీని చూడాలని కోరిక. సింహం కాదు, ఏనుగు కాదు, జిరాఫీ. కోదాడలో ఇంట్లోనే జాకెట్లు కుట్టే మనిషి. మధ్యాహ్నం పూట ఎదురుగా టీవీలో జంతువుల చానెల్ పెట్టుకుని మిషన్ తొక్కుతుంది. ఓ రోజు నాకు ఫోన్ చేసి, "అంత ఎత్తున్నది, నీళ్లు తాగాలంటే ముందరి కాళ్లు రెండు ఎడం జేసి వంగుతది చెల్లె. ఎంత తిప్పలో పాపం" అంది. నేను మిర్యాలగూడలో మా కాలేజీ పరీక్ష పేపర్లు దిద్దుతూ చిరాకులో ఉన్నాను. "అయితే చెంబు తీస్కపోయి తాపిరా" అన్నాను.

ఆ రోజుల్లోనే ఆమె కాళ్ల దగ్గర పెట్టిన చాయ్ గ్లాసులను తన్నెయ్యడం మొదలుపెట్టింది. గుమ్మాలకు భుజం కొట్టుకునేది. పొద్దు గూకితే గోడ పట్టుకుని నడిచేది. చూసుకుని నడవమని నేనూ బావా వెక్కిరించేవాళ్లం. సూర్యాపేటలో కంటి డాక్టరు చూసి హైదరాబాద్ పంపాడు. అక్కడి డాక్టరు చెప్పింది వినడానికి తేలిక, మింగడానికి కష్టం. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకొస్తోంది. చీకట్లో చూపు ఎప్పుడో పోయింది. పగటి వెలుగులో, గొట్టంలోంచి చూసినట్టు, మధ్యలో కాస్త మిగిలింది. దీనికి మందు లేదు, ఎన్నాళ్లు ఉంటుందో తెలియదు. "చూడాలనుకున్నవి ఏమన్నా ఉంటే ఆలస్యం చెయ్యకుండా చూసేయండమ్మా" అన్నాడు.

అక్క "జిరాఫీ ఆ గొట్టంల పడతదా సార్?" అని అడిగింది.

డాక్టరు నా ముఖం చూశాడు. నేను సంగతి వివరించాను. ఆయన నవ్వకుండా, దగ్గర నుంచి అయితే మెడ ముక్కో కాలి ముక్కో కనిపిస్తుందని, దూరంగా నిలబడితే మొత్తం కనిపిస్తుందని చెప్పాడు. తిరుగు బస్సులో అక్క హుషారుగానే ఉంది. దూరం నుంచే చూద్దామని నాకే ధైర్యం చెప్పింది. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఆ పక్కకు ఆమెకు కనిపించదని అప్పటికి నాకు అర్థమైంది.

అట్లా మొదలైంది మా దక్షిణాఫ్రికా ప్రయాణం. నాకూ కోదాడకూ కుదిరే చోటు సూర్యాపేట. అక్కడ హైవే పక్కన ఓ హోటలు, దాని మీద మేడలో టికెట్లు, టూర్లు చూసే ఒకాయన ఆఫీసు. ఎక్కువగా కాశీకీ దుబాయికీ పంపుతుంటాడు. కింద బస్సులు ఆగడం, జనం దిగడం, కండక్టర్లు అరవడం. మేం ముగ్గురం పైన కూర్చుని కేప్‌టౌన్ గురించి మాట్లాడుకునేవాళ్లం.

ముగ్గురివీ మూడు కోరికలు. నాకు నగరం కావాలి. మ్యూజియాలు, రంగురంగుల ఇళ్ల వీధులు, రాత్రిపూట పాటలు. బావకు వైన్ కావాలి. "మన దగ్గర వైన్స్ అని ఇంతంత బోర్డులు పెడతారు, లోపల వైన్ తప్ప అన్నీ ఉంటాయి. అక్కడ తోటలోనే కూర్చోబెట్టి రుచి చూపిస్తారంట మరదలా" అనేవాడు. మా పుట్టిల్లు చివ్వెంల పక్కన. అల్లుడిగా అక్కడి కల్లుకు ఆయన ఎంత మర్యాద చేశాడో ఊరందరికీ తెలుసు. "అత్తగారింటి కల్లు కంటె మంచిగుంటదా బావా?" అంటే, అది వేరు ఇది వేరు అని పెద్ద పండితుడిలా చెప్పేవాడు. అక్కకేమో తిండి బెంగ. గోంగూర పచ్చడి, కారప్పొడి కట్టుకుపోదామంటుంది. డర్బన్‌లో రొట్టెను తొలిచి లోపల కూర నింపి ఇస్తారని, ఒకప్పుడు చెరుకు తోటల్లో పనికి పోయిన మనవాళ్ల వంటలు అక్కడ ఇంకా ఉన్నాయని టూర్లాయన చెప్పాడు. "మనోళ్లే అయితే కారం తగ్గనియ్యరు. పచ్చడి వద్దులే" అని వదిలేసింది.

పేచీ వచ్చింది సఫారీ దగ్గర. జీపు తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి బయల్దేరుతుంది. జంతువులు తిరిగేది అప్పుడే. "చీకట్ల నాకు జీపే కనపడది" అని అక్క నవ్వింది. నేను మధ్యాహ్నం జీపు కావాలన్నాను.

"మధ్యాహ్నం ఎవరూ వెళ్లరు మేడమ్. ఎండకు అన్నీ నీడకు చేరి పడుకుంటాయి."

"పడుకున్నదాన్నే చూస్తాం. మీకేంటి కష్టం?" అని గట్టిగా అన్నాను. నా నోరు అంత మంచిది కాదు. పాపం ఆయన ఎవరెవరికో ఫోన్లు చేసి, మా ముగ్గురి కోసమే పట్టపగలు జీపు తీసేవాళ్లను పట్టుకున్నాడు. జిరాఫీలు ఎండలో కూడా మేస్తూ కనిపిస్తాయని వాళ్లు చెప్పారట. అక్క బల్ల కింద నా చెయ్యి పట్టుకుని, మెట్లు దిగేదాకా వదల్లేదు.

టికెట్లు తీసుకుందామనుకునేసరికి అక్క అత్తగారు మంచాన పడింది. ఆమెకు అన్నీ తెలుసు. "నేను పోతే ఏడాది దాకా మీరు కదలకూడదు. నేనుండగానే వెళ్లి రండమ్మా" అని తనే చెప్పింది. అక్క వినలేదు. అన్నం మెత్తగా పిసికి, ఒక చేత్తో ఆమె గడ్డం తడుముకుని, రెండో చేత్తో నోట్లో పెట్టేది. వరికోతల రోజుల్లో ఆమె పోయింది. మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి దారి దొరక్క, నేను చేరేసరికి ఎత్తేశారు.

కొరివి పెట్టింది బావ. ఏడాది వెళ్లేదాకా ఆయన సముద్రం దాటకూడదు, పండుగ చేసుకోకూడదు. వాళ్ల ఇంటి పద్ధతి అది. "నాకు తప్పదు. మీ అక్కాచెల్లెళ్లు వెళ్లొచ్చేయండి, ఎవరేమన్నా నేను చూసుకుంటాను" అని ఆయనే అన్నాడు. నేనూ అదే పట్టు పట్టాను. ఆ ఇంట్లో గొంతెత్తి అరిచాను కూడా.

"ఆమె పోయి నెల గాలేదు, కోడలు జంతువుల్ని సూడ వోయిందంటరే" అంది అక్క.

"అననీ. అన్నోళ్లు రేపు నీకు కండ్లిస్తరా?"

"లోకం సంగతి ఇడిసిపెట్టు. నేను ఈ ఇంటికొచ్చిన నాటి నుంచి నన్ను ఒక్క మాట అనలే ఆమె. ఒక్క ఏడాది ఆమెకియ్యలేనా?"

నాకు కోపం వచ్చింది. ఆ పద్ధతి మీద, ఆ ఏడాది మీద, పోయిన ఆ మంచి మనిషి మీద కూడా. ఇప్పటికీ కొంచెం ఉంది.

మాసికాలకు కోదాడ పోతూ వచ్చాను. మొదట్లో గుమ్మంలో నిలబడితే అక్కకు నా ముఖమంతా కనిపించేది. తర్వాత ఒకసారి పక్కన కూర్చుంటే, బొట్టు ఒక్కటే కనపడుతోందని చెప్పింది. ఎండలు ముదిరేసరికి నేను మాట్లాడితేనే నా వైపు తిరిగేది. కుట్టుమిషన్ మీద పాత చీర కప్పేశారు. టీవీలో జంతువుల చానెల్ మాత్రం అట్లాగే నడుస్తుండేది. ఏ జంతువో అడిగేది, నేను చెప్పేదాన్ని.

సంవత్సరీకం అయ్యాక, పోదామని అక్కే అంది. ముగ్గురం మళ్లీ సూర్యాపేటలో ఆ మేడ మెట్లెక్కాం. అక్క నా భుజం మీద చెయ్యి వేసుకుని నడిచింది. టూర్లాయన సంతోషంగా లేచి కుర్చీ చూపించాడు. ఆమె దాని కోసం గాలిలో తడుముకోవడం చూసి ఆగిపోయాడు. కంప్యూటర్‌లో మా పాత ప్లాన్ తీశాడు. కింద ఏదో బస్సు హారన్ కొడుతోంది. ఆయన నా వైపు వంగి, గొంతు తగ్గించి, "సఫారీ తీసేద్దామా మేడమ్? ఆ రోజులు కూడా ద్రాక్షతోటల్లో పెడదాం" అన్నాడు. బావ నేల చూపులు చూస్తున్నాడు. నేను తీసెయ్యమన్నాను.

"తీసెయ్యకు సార్" అంది అక్క. "జీపు మాత్రం తెల్లారుజామున పెట్టు."

"మధ్యాహ్నమే కావాలని పట్టుబట్టారు కదమ్మా."

"అప్పుడు నా కండ్ల కోసం అడిగినం. ఇగ నాకు చీకటైతేంది, ఎండైతేంది? వీళ్లకైన మంచిగ కనపడనీ."

ఆయన కీబోర్డు మీద వేళ్లు పెట్టి నా మాట కోసం చూశాడు. నేను తల ఊపాను. అది అక్కకు కనిపించదని గుర్తొచ్చి, సరేనని పైకి అన్నాను.