మురళిని గ్యాస్ తీసుకుపోలేదు

నా పేరు కొల్లి అచ్చమ్మ. వయసు డెబ్బై దాటింది, పైన ఎన్నో నాకు తెలియదు. ఈ మంచు దేశంలో, కనాటా అనే ఊళ్లో కొడుకు, కోడలు, మనవరాలితో ఉంటున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కోడలు స్వప్న ఫోన్‌లో టైప్ చేస్తోంది. ఒక్క మాట కూడా మెత్తబరచొద్దని చెప్పాను.

పక్కింటి మురళి నిన్న పొద్దున పోయాడు.

నా కళ్ల ముందే పోయాడు. అయినా నమ్మబుద్ధి కావడం లేదు.

సాయంత్రానికి ఇంకో కబురు విన్నాను.

ఇక్కడి మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో పెట్టారట: "గ్యాస్ సెన్సార్లు చేసే మనిషి గ్యాస్‌కే పోయాడు. అది మోగనే లేదు."

అది చూసి కొందరు మురళి పెట్టిన సెన్సార్లు గోడల మీంచి పీకేశారట. బయట మంచు ఇంకా పడుతూనే ఉంది.

అందుకే చెబుతున్నాను. వినండి.

మురళి ఇక్కడ ఒక చిన్న కంపెనీలో ఇంజనీర్. ఇంట్లో విషవాయువు చేరితే మోగే గోరంత సెన్సార్ తయారు చేసేవాడు. దాన్ని చిన్న డబ్బాలో బిగించి ట్రయల్ కోసం మన ఇళ్లలో పెట్టాడు. మా ఇంట్లో పోపు వేస్తే చాలు, అది కుయ్యో మొర్రో. మన ఇళ్లలో అందరూ చేసేదే మా కోడలూ చేసింది. స్నానంలో జుట్టు తడవకుండా పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ దానికి తొడిగింది.

మురళి చూశాడు. కోప్పడలేదు. లాప్‌టాప్ తెచ్చుకుని మా కిచెన్‌లో కూర్చున్నాడు.

"పిన్నిగారూ, ఎండుమిరపకాయలు వేయండి."

"వేస్తాను. దగ్గొస్తే నన్ననకు."

దగ్గాడు. కళ్లు తుడుచుకున్నాడు. "ఇంకోసారి. ఈసారి ఇంగువ కూడా."

"దీనికి ముక్కెక్కడుంది నాయనా?"

"తగరం తుప్పులాంటి పూత ఉంటుంది పిన్నిగారూ. అది వేడెక్కితే గాలిలో ఏముందో తెలుస్తుంది. అస్తమానం వేడిగా ఉంచితే బ్యాటరీ అయిపోతుంది. అందుకని ఒక్క క్షణం లేచి, వాసన చూసి, మళ్లీ పడుకుంటుంది."

"గడపలో కుక్కలాగా అను."

పగలబడి నవ్వాడు.

శనివారం వస్తే చాలు, మా వంటింట్లోనే. పోపుకూ విషవాయువుకూ తేడా దానికి నేర్పేదాకా వదల్లేదు. ఆ టోపీ తనే తీసి చెత్తలో పారేశాడు.

పోయిన చలికాలం ఒక మధ్యాహ్నం అది అరిచింది. ఇంట్లో నేనూ మనవరాలే.

"పొయ్యే వెలిగించలేదు కదే, ఎందుకేడుస్తావ్!" అని తిట్టాను.

తిట్టాక తట్టింది. పొయ్యి వెలగలేదు. మరి దేనికి అరుస్తోంది?

పిల్ల సోఫాలో సోలిపోయి ఉంది. "నానమ్మా, ఐయామ్ సో స్లీపీ" అంటోంది. రెక్క పట్టుకుని, చెప్పులు కూడా లేకుండా మంచులోకి ఈడ్చుకొచ్చాను.

ఫైర్ వాళ్లు వచ్చి చూశారు. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పొగ బయటికి పోయే గొట్టం మంచుతో మూసుకుపోయి, విషవాయువు ఇంట్లోకే తిరిగిందన్నారు.

అప్పటినుంచి మంచు పడ్డప్పుడల్లా మురళి తన ఇంటి గొట్టంతో పాటు మాదీ చూసేవాడు. మా అబ్బాయి వద్దన్నా వినేవాడు కాదు.

నిన్నా వచ్చాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. గొట్టం చుట్టూ మంచు తీసేశాడు. పార ఆనుకుని నిలబడ్డాడు.

రొమ్ము పట్టుకున్నాడు.

కూలిపోయాడు.

ఆరుబయట, ఈదురుగాలిలో. అక్కడ ఏ గ్యాస్ నిలుస్తుంది? గుండెపోటని డాక్టర్లు అతని భార్య పద్మజకు చెప్పారు. అప్పుడు ఆ అమ్మాయి చెయ్యి నా చేతిలోనే ఉంది.

సెన్సార్ మోగలేదంటారా? ఎలా మోగుతుంది? అది గాలిని కనిపెట్టేది. గుండెను కాదు.

గొట్టం దగ్గర పడ్డాడని విని కథ అల్లారు. అల్లిందెవరో నాకు తెలుసు. పేరు చెప్పను. దమ్ముంటే పద్మజ ఎదురుగా నిలబడి ఆ మాట అనండి, పక్కన నేనుంటాను.

పీకినవాళ్లు మళ్లీ పెట్టండి. రేపు కాదు, ఇప్పుడే. మీ పిల్లలు పడుకునేది ఆ ఇళ్లలోనే.

మురళీ, నాయనా, నువ్వు ప్రశాంతంగా పడుకో. ఇక్కడ అరవడానికి నేనున్నాను.

కొల్లి అచ్చమ్మ వేలిముద్ర, కింద ఫోటోలో.
సాక్షులు: టైప్ చేసిన కోడలు స్వప్న, మురళి భార్య పద్మజ.