వెనక నుంచి పిలిచిన షాట్

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక డిసెంబరులో, పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక కళాశాలలో వీడియో నిర్మాణం బోధించే పని నాకు అప్పగించారు. ప్రాక్టికల్ పరీక్షకు ప్రతి విద్యార్థీ ఒక నిమిషం నిడివిగల భయానక చిత్రం తీయాలి. నేను పెట్టిన నియమాలు రెండు. దయ్యాన్ని చూపకూడదు, దాన్ని చూసిన మనిషి మొహం చూపాలి. ఆ షాట్‌ను రియాక్షన్ షాట్ అంటాం. రెండోది, షాట్ అయిపోయిందనిపించినా కొన్ని క్షణాలు కెమెరా ఆపకూడదు. ఎడిటింగులో ఆ మిగులే ఆదుకుంటుంది.

ఊళ్లోని జాలరుల పేట జంగ్లీఘాట్ నుంచి వచ్చే విద్యార్థిని హేమ. ఆమె తండ్రి నూకరాజు చేపలవేటకు వెళ్తాడు. తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. హేమ కథ చిన్నది: వేటకు బయలుదేరిన భర్తను భార్య వెనక నుంచి పిలుస్తుంది, తిరిగి చూసినవాడు ఆమె భర్త కాడు. అమ్మానాన్నలే నటులు. గడువుకు ఒక్కరోజే మిగిలింది, మర్నాడు సినిమా అప్పగించకపోతే ప్రాక్టికల్‌లో సున్నా. కాబట్టి నూకరాజు నిజంగానే వేటకు వెళ్లే ఆ ఉదయమే చిత్రీకరణ పెట్టుకున్నాం.

ముందురోజు సరేనన్న తల్లి పోలమ్మ, భర్త వల భుజాన వేసుకోగానే మొండికేసింది.

"ఉత్తుత్తికే అనుకున్నాను సార్. నిజంగా ఎల్తన్న మనిసిని ఎనకాల పిలుత్తారేటి? నాను పిలవను."

"సార్, మమ్మీ నహీ మానేగీ, ఒప్పుకోదు. వేరే సీన్ పెట్టుకుందాం," అంది హేమ, అక్కడి పిల్లల హిందీ కలిసిన తెలుగులో.

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఎండెక్కితే వెలుగు పాడవుతుందని, పోలమ్మ మొహం మీద కెమెరా పెట్టి నడపమని హేమతో అన్నాను. నూకరాజు పడవ దాకా వెళ్లాడు. పోలమ్మ పిలవలేదు. ఓపిక నశించి, "నూకరాజూ!" అని నేనే కేకేశాను.

అతను ఆగిపోయాడు. పోలమ్మ నా వైపు చూసింది, తర్వాత సముద్రం వైపు. అన్నేళ్ల సర్వీసులో అలాంటి మొహం ఏ నటి దగ్గరా నాకు దొరకలేదు. నా నియమం ప్రకారం హేమ కెమెరా ఆపలేదు.

పోలమ్మ భర్తను ఇంట్లోకి తీసుకెళ్లి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. ఆ రోజు పడవ కదలనివ్వలేదు. నేను మాత్రం సంతోషంగా, ఈ ఒక్క షాట్ చాలు, పరీక్ష గట్టెక్కినట్టేనని హేమతో అన్నాను.

మర్నాడు చూస్తే ఆ షాట్ లేదు. హేమే చెరిపేసింది.

"అది యాక్టింగ్ కాదు సార్, మమ్మీ సచ్ మే డర్ గయీ, నిజంగా భయపడింది. దానికి క్లాసంతా చప్పట్లు కొడితే నేను ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్లాలి?"

సిగ్గుపడ్డాను. మార్కుల పట్టీలో సున్నా వేయాల్సిన చోట, శిక్షకుడి జోక్యం వల్ల చిత్రీకరణ చెడిందని రాసి సంతకం పెట్టాను. విభాగాధిపతి నాకు మెమో ఇచ్చి, హేమకు వారం గడువిచ్చారు. హేమ కళాశాల మెట్ల మీద మరో సినిమా తీసింది. ఓ మోస్తరుగా ఉంది, పాసైంది.

భయపెట్టడం నేర్పేవాడు, ఎదుటివాళ్లు నిజంగా దేనికి భయపడతారో ముందే అడగాలి, అడిగి దాని జోలికి పోకుండా ఉండాలి. ఇది తెలిసేసరికి నా సర్వీసు ఇంకా రెండేళ్లే మిగిలింది.